లాంగ్‌హార్న్ పోస్టుకార్డును వెనక్కి తిప్పి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా పాత పోస్టుకార్డుల మీద వేసిన పుటలు చూశాం. టెక్సాస్ లాంగ్‌హార్న్ పశువులకు అంత చోటు ఇచ్చినందుకు ఎంతో ఆనందం కలిగింది. అయితే ఒక రంగుల కార్డు కింద ‘1870ల నాటి పశువుల మంద’ అని వేశారు. ఆ కార్డు 1870ల నాటిది అయ్యే వీలే లేదు. ఈ పొరపాటు మీ ఒక్కరిదీ కాదు. అమ్మేవాళ్లు చేస్తారు, కొనేవాళ్లు నమ్ముతారు, ఇంటికి తెచ్చి అద్దాల ఫ్రేములో బిగించుకుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ఈ బారుకొమ్ముల పశువుల్ని టెక్సాస్ నుంచి ఉత్తరాన రైలు స్టేషన్ల దాకా తోలుకుపోయిన కాలం 1866లో మొదలై 1880ల నడిమికల్లా ముగిసింది. జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి 1867లో కాన్సాస్‌లోని అబిలీన్‌లో పశువుల దొడ్లు కట్టించాక ఆ తోవ జోరందుకుంది. బొమ్మల పోస్టుకార్డేమో ఆ దుమ్మంతా అణిగాక పుట్టింది. ప్రైవేటు వాళ్లు అచ్చువేసిన కార్డును ఒక సెంటు స్టాంపుతో పంపుకోవచ్చని అమెరికా చట్టం చేసింది 1898 మేలో. చిరునామా పక్కనే నాలుగు మాటలు రాసుకునే వీలు వచ్చింది 1907 మార్చి 1 నుంచి. చివరి మందలకూ మొదటి కార్డులకూ మధ్య పదేళ్లకు పైగా ఎడం ఉంది. కాబట్టి లాంగ్‌హార్న్ పోస్టుకార్డు ఏదైనా, ఆ పశువు కనుమరుగవుతున్నప్పుడో, అయ్యాకో జనం తలచుకుని అచ్చువేసుకున్న బొమ్మే. అలాగని దాని విలువ తగ్గదు. కాకపోతే దేనికి సాక్ష్యమో, దేనికి కాదో తెలుసుకుని చూడాలి.

జాతి ఎందుకు తగ్గిపోయిందో తెలిస్తే కార్డులోని బొమ్మ సగం అర్థమవుతుంది. 1493లో స్పెయిన్ వాళ్లు కరీబియన్ దీవులకు ఓడల్లో తెచ్చిన పశువుల సంతతి ఇవి. మెక్సికో మీదుగా టెక్సాస్ చేరి, అడవిబారిన పడి, మనిషి సాకకుండానే బతకడం నేర్చాయి. వాటి ఒంటి మీద రక్తం పీల్చే గోమార్లు ఉండేవి. ఆ గోమార్ల నుంచి వచ్చే ‘టెక్సాస్ జ్వరం’ వాటిని పెద్దగా బాధించేది కాదు, ఎందుకంటే దూడప్పుడే సోకి తట్టుకునే శక్తి వచ్చేసేది. అవి నడిచివెళ్లిన దారి పక్క ఉత్తరాది పశువులు మాత్రం కుప్పకూలేవి. దాంతో కాన్సాస్ 1885లో టెక్సాస్ పశువులకు తలుపు మూసేసింది. గోమారే జ్వరాన్ని మోసుకొస్తోందని థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే శాస్త్రవేత్తలు 1893లో నిరూపించేనాటికి మందల కాలం అయిపోయింది. 1874లో గ్లిడెన్ పేటెంటు పొందిన ముళ్లతీగ బీళ్లను ముక్కలు చేసింది. రైలు పెట్టెలో బారు కొమ్ములు చోటు తింటాయి, పక్క పశువును పొడుస్తాయి. కొవ్వు పట్టే ఇంగ్లండు జాతి హెర్‌ఫర్డ్ ఆబోతుల్ని తెచ్చి దాటించడంతో రెండు మూడు తరాల్లో లాంగ్‌హార్న్ రూపమే మారిపోయింది.

అందుకే కార్డు చేతికి రాగానే ముందు మంద మొహాలు చూడండి. 1905 నుంచి 1915 మధ్య వచ్చిన ‘టెక్సాస్ రౌండప్’ కార్డుల్లో చాలావాటిలో పశువుల మొహం తెల్లగా, ఒళ్లు ఎర్రగా ఉంటుంది. నలుపు తెలుపు ఫోటోలో అయితే ముదురు ఒంటికి తెల్ల మొహం. అది హెర్‌ఫర్డ్ రక్తం. కింద ‘లాంగ్‌హార్న్’ అని ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా సరే. అసలు లాంగ్‌హార్న్ ఒళ్లు సన్నగా, కాళ్లు పొడుగ్గా, తుంటి ఎముక పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. రంగులకైతే లెక్కే లేదు. చారలది, మచ్చలది, బూడిద రంగుది, వీపు పొడుగునా తెల్ల పట్టె ఉన్నది, ఒకే మందలో ఏ రెండూ ఒకలా ఉండవు. మంద మొత్తం ఒకే అచ్చులో పోసినట్టుంటే అనుమానించాల్సిందే.

తర్వాత కొమ్ములు. మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే. విత్తు కొట్టిన ఎద్దుకు కొమ్ములు సన్నగా, బారుగా పెరుగుతాయి, కొసన మెలిక తిరుగుతాయి. ఆబోతుకు పొట్టిగా, మొదట్లో లావుగా ఉంటాయి. మన రైతులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కార్డులో ఆరేడు అడుగుల కొమ్ములతో ‘బుల్’ (ఆబోతు) అని రాసి ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఎద్దే. పైగా కొమ్ము ఏళ్లతరబడి పెరుగుతూనే ఉంటుంది. ఆనాడు మందలో వెళ్లిన ఎద్దులు నాలుగైదేళ్ల వయసుకే కసాయి దొడ్డి చేరేవి, కాబట్టి వాటికి అంతంత కొమ్ములు వచ్చే వ్యవధే లేదు. ఇవాళ టెక్సాస్‌లో కనిపించే విపరీతమైన కొమ్ములు తర్వాతి కాలంలో పనిగట్టుకుని ఎంచి పెంచినవి. 2019లో గిన్నిస్ నమోదు చేసిన అలబామా ఎద్దు పాంచో వయా కొమ్ముల వెడల్పు 323.74 సెంటీమీటర్లు. దాన్ని చూసి 1870ల ఎద్దును ఊహించుకోకూడదు.

ఫోటోలో కొమ్ము సాగే దారులు రెండున్నాయి. మొదటిది, ఎద్దు తల కెమెరా వైపు చాచి, మనిషి దాని భుజం వెనక నిలబడటం. వెనకున్న మనిషి చిన్నగా పడతాడు, ముందున్న కొమ్ములు పెద్దగా పడతాయి. మనిషి కాళ్లు, ఎద్దు ముందుకాళ్లు ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూస్తే గుట్టు తెలిసిపోతుంది. రెండోది గోడకు తగిలించిన కొమ్ముల జత. కొమ్ము పైపొర గోరులాంటి పదార్థం, లోపల ఎముక బొడిపె. చచ్చిన పశువు కొమ్మును నానబెడితే పైపొర ఊడివస్తుంది. మరిగే నీళ్లలో వేస్తే మెత్తబడి, వంచినట్టల్లా వంగుతుంది, సాగదీసి నిటారుగా కూడా చేయొచ్చు. రెండింటినీ కర్రముక్కకు బిగించి, మధ్యలో తోలో ముఖమలో చుట్టేస్తారు. ఆ కర్ర ఎంత పొడుగుంటే కొమ్ముల వెడల్పు అంత. కార్డులో మధ్యభాగం మీద భూతద్దం పెట్టండి. ఆ చుట్టు పశువు నుదుటి కంటే బాగా వెడల్పుగా ఉంటే చెప్పిన అడుగుల్లో కొన్ని కర్రవే. శాన్ ఆంటోనియోలో ఆల్బర్ట్ ఫ్రీడ్రిక్ 1881లో పెట్టిన బక్‌హార్న్ సెలూన్ గోడల నిండా కొమ్ములే. ఆ హాలు కార్డులు ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి. ఆల్బర్ట్ తండ్రి వెంజెల్ కొమ్ములతో కుర్చీలు చేసిన పనివాడు. కొమ్మును మనిషి చెయ్యి ఎంతెంత మలచగలదో ఆ కుర్చీల బొమ్మలు చూస్తే తెలుస్తుంది.

ఇక అసలు కార్డు సంగతి. పదిరెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఒకటి చాలు. బొమ్మలో చీకటి నుంచి వెలుగుకు మారేచోట పెట్టి చూడండి. వరుసగా చుక్కలు కనబడితే అది ప్రెస్సులో అచ్చైన కార్డు. చుక్కలు లేకుండా పొగలా నున్నగా కలిసిపోతే అసలు ఫోటో కాగితం మీద కడిగిన కార్డు. పాత ఫోటో కార్డును వాలుగా వెలుగులో పట్టుకుంటే నల్లని భాగాల్లో అద్దంలా వెండి మెరుపు తేలుతుంది. అది వయసుతో వచ్చే మెరుపు. తుడవబోకండి, తుడిస్తే బొమ్మే పోతుంది.

అప్పుడు వెనక్కి తిప్పండి. స్టాంపు అంటించే గడి చుట్టూ ‘ఏజో’ అనే ఫోటో కాగితం పేరు ఉండి, నాలుగు మూలల త్రికోణాలూ పైకి చూస్తుంటే ఆ కాగితం 1904 నుంచి 1918 మధ్యది. రెండు పైకి, రెండు కిందికి ఉంటే 1918 నుంచి 1930. త్రికోణాలకు బదులు చిన్న చదరాలుంటే 1925 తర్వాత. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, ఇది కాగితం వయసు, ఫోటో తీసిన రోజు కాదు. 1870ల చివర్లో మోంటానా చేరిన ఎల్.ఎ. హఫ్‌మన్ లాంటి ఫోటోగ్రాఫర్లు పాత గాజు నెగెటివ్‌ల నుంచి ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత కూడా ప్రతులు తీసి అమ్మారు. మందలు తోలిన కాలపు నిజమైన పశువు కార్డు మీద కనబడే అరుదైన దారి ఇదే. మరోవైపు తపాలా ముద్ర తేదీ ‘ఆ రోజుకల్లా కార్డు ఉంది’ అని మాత్రమే చెబుతుంది. స్టాంపు ఖరీదు కూడా సాయం చేస్తుంది. కార్డుకు ఒక సెంటు రేటు 1952 జనవరి 1న రెండు సెంట్లయింది. అంతకుముందు 1917 నవంబరు నుంచి 1919 జూన్ దాకా యుద్ధపన్నుతో, మళ్లీ 1925 నుంచి 1928 దాకా కూడా రెండు సెంట్లే. అందుకని రెండు సెంట్ల స్టాంపు కనబడగానే 1952 తర్వాతదని తేల్చేయకూడదు. చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే మాత్రం 1963 జులై తర్వాతదే.

మీ పుటలో వేసిన కార్డు మీద నేతగుడ్డ లాంటి గరుకు కనిపిస్తోంది. అది ‘లినెన్’ కార్డు, సుమారు 1930 నుంచి 1945 మధ్య రకం. షికాగోలోని కర్ట్ టైక్ కంపెనీ ఇలాంటివి లెక్కకు మిక్కిలిగా వేసింది. వాళ్ల కార్డు మీద ‘6బి-హెచ్’ లాంటి గుర్తుతో మొదలయ్యే అంకె ఉంటుంది. ‘ఎ’ ఉంటే 1930లు, ‘బి’ ఉంటే 1940లు, ‘సి’ ఉంటే 1950లు, దాని ముందున్న అంకె ఆ దశకంలో ఏడాది. అంటే ‘6బి’ 1946 నాటిది. ఆ కంపెనీ దస్తావేజులు ఇప్పుడు షికాగోలోని న్యూబెరీ లైబ్రరీలో ఉన్నాయి. ఈ లినెన్ కార్డుల రంగుల్ని మాత్రం నమ్మొద్దు. ఊళ్లో ఫోటోగ్రాఫరో దుకాణదారో నలుపు తెలుపు ఫోటో పంపి, ‘ఆకాశం నీలం, గడ్డి పచ్చ’ అని కాగితం మీద రాసిచ్చేవాడు. రంగు వేసేది దూరాన ఉన్న చిత్రకారుడు. ఆయన ఎర్రెద్దు అనుకుంటే ఎర్రెద్దు. పశువు ఒంటిరంగు గురించి లినెన్ కార్డును సాక్ష్యంగా తీసుకుంటే లేని జాతిని పుట్టించినట్టవుతుంది.

లినెన్ కాలానికి నిజంగా బతికున్న లాంగ్‌హార్న్‌లు కొన్ని చోట్లే ఉన్నాయి. 1927లో అమెరికా కాంగ్రెసు 3000 డాలర్లు ఇస్తే, అటవీశాఖకు చెందిన విల్ బార్న్స్, జాన్ హాటన్ ఊరూరా వేలకొద్దీ పశువుల్ని చూసి, అందులోంచి 20 ఆవుల్ని, 3 ఆబోతుల్ని ఎంచి ఓక్లహామాలోని విచిటా మౌంటెన్స్ రక్షిత ప్రాంతానికి చేర్చారు. 1930లు, 40ల కార్డుల్లో కనబడే మంచి మంద ఎక్కువగా వాటి సంతానమే. కార్డు కింద ‘విచిటా’ అన్న మాట ఉంటే వదులుకోకండి, జాతి నిలబడ్డ కథకు అది తిన్నని సాక్ష్యం. టెక్సాస్ రాష్ట్రపు మంద 1940లలో మొదలైంది. పెంపకందారుల సంఘం 1964లో ఏర్పడింది.

ఇక్కడ మన వాళ్లకు బాగా దగ్గరైన సంగతి ఒకటుంది. టెక్సాస్ పాత కార్డుల్లోనే మూపురం ఉన్న తెల్లటి పశువులు కనబడతాయి. కింద ‘బ్రహ్మ’ అనో ‘ఇండియా పవిత్ర ఎద్దు’ అనో ఉంటుంది. గోమారిని తట్టుకునే పశువు కోసం వెతికిన వాళ్లు మన దేశం వైపు చూశారు. 1906లో టెక్సాస్‌లోని పియర్స్ రాంచ్ అనే పశువుల క్షేత్రం కోసం ఎ.పి. బోర్డెన్ ఇండియా నుంచి 51 పశువుల్ని ఓడెక్కించారు. సర్రా జబ్బు భయంతో వాటిని న్యూయార్క్ దగ్గర దీవిలో ఆపి ఉంచారు, అందులో కొన్ని టెక్సాస్ చేరలేదు. తర్వాత రూపుదిద్దుకున్న అమెరికన్ బ్రాహ్మన్ జాతిలో గిర్, గుజరాతీ కాంక్రేజ్, కృష్ణా వ్యాలీలతో పాటు ‘నెల్లూరు’ అని వాళ్లు పిలిచే మన ఒంగోలు రక్తమూ ఉంది.

కార్డులో ఏది మనదో గుర్తుపట్టడం కష్టం కాదు. ఒంగోలుదైతే కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా, పక్కకు వాలి ఉంటాయి. కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయం. గంగడోలు మడతలు మడతలుగా బొడ్డు దాకా వేలాడుతుంది. కొమ్ములు వీణలా ఎత్తుగా పైకి వంగితే కాంక్రేజ్. నుదురు ఉబ్బి, చెవులు ఆకు చుట్టినట్టు వేలాడుతూ, ఎర్రటి మచ్చలుంటే గిర్. ‘బ్రహ్మ’ అన్న ఒక్క మాట కింద ఈ మూడింటినీ కలిపేసిన కార్డుల్ని విడదీసి పేరు పెట్టగలిగేది మన పల్లెటూరి కళ్లే. ఒంగోలు, గుంటూరు ప్రాంతపు పశుపోషకులకు ఇలాంటి కార్డు చూపిస్తే అమెరికా జాబితాలో లేని వివరం బయటపడుతుంది. చూపించండి.

పిల్లల దగ్గరికి డాలస్, హ్యూస్టన్ వెళ్లే అమ్మానాన్నలు ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో రోజుకు రెండుసార్లు నడిపించే లాంగ్‌హార్న్ మందను తప్పక చూస్తారు. ఆ చుట్టుపక్కల దుకాణాల్లో ‘పాత’ కార్డులూ కొంటారు. వాటిలో చాలా మటుకు కొత్తగా అచ్చువేసిన నకళ్లు. నకలని చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా పాతదని పాత ధర చెబితే చేతిలో చిన్న అతినీలలోహిత టార్చి ఉండాలి. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు 1950ల నుంచే వాడుకలోకి వచ్చాయి. 1908 కార్డని చెప్పింది ఆ వెలుగులో నీలితెలుపుగా జిగేల్‌మంటే అది 1908ది కాదు. కాఫీ నీళ్లలో ముంచి పాతబరిచిన కార్డుకు మరక అంచుల్లో ఒకే రీతిగా, మధ్యలో పల్చగా ఉంటుంది. నిజంగా పాతబడ్డ కార్డు మూలల్లో నలిగి, వేళ్లు తగిలే చోట మాత్రమే మాసిపోతుంది. పట్టుకుంటే ప్లాస్టిక్‌లా జారే ఫోటో కాగితం 1960ల చివర నుంచి వచ్చిన రకం.

కొలత కూడా చూడాలి. పాత కార్డు 89 మిల్లీమీటర్ల వెడల్పు, 140 మిల్లీమీటర్ల పొడవు. అంతకంటే పెద్దదైతే చాలావరకు 1950ల తర్వాతది.

తెచ్చాక చెడగొట్టేది మన వాతావరణం కంటే మన తొందరే. లామినేషన్ అస్సలు వద్దు. వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను తిరిగి తీయడం కుదరదు, వెనక ముద్ర ఎప్పటికీ సమాధి అవుతుంది. ఫెవికాల్, సెలోటేపు, జిగురు పేజీల ఆల్బం, ఇవన్నీ వెనకవైపును తినేవే. స్టాంపు కోసం కార్డును ఆవిరి పట్టేవాళ్లున్నారు. అలా చేస్తే స్టాంపు విలువా పోతుంది, తపాలా ముద్రా సగానికి తెగుతుంది. పాలిస్టర్ తొడుగులు వాడండి. బట్టల దుకాణం సంచిలా వాసన కొట్టే పీవీసీ కవర్లు కొన్నేళ్లకు జిడ్డు కక్కి కార్డుకు అతుక్కుంటాయి.

విజయవాడలో, విశాఖలో వానాకాలం గాలిలో తేమకు ఫోటో కార్డు మీది జెలటిన్ పొర మెత్తబడుతుంది. రెండు కార్డులు మొహానికి మొహం ఆనితే అతుక్కుపోతాయి, ఫ్రేము అద్దానికీ అంతే. లాగితే బొమ్మ ఒకదాన్నుంచి ఒలిచి రెండోదానికి వస్తుంది. అద్దానికి అతుక్కున్నదాన్ని అద్దంతోనే ఉంచి, అలాగే ఫోటో తీసుకుని, కాగితపు పాత వస్తువులు బాగుచేసే నిపుణులకు ఇవ్వండి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో తొడుగులేసి నిలువుగా పేర్చి, ఒక మూల సిలికా జెల్ సంచి, పక్కనే చిన్న తేమ కొలిచే మీటరు పెట్టండి. 35 నుంచి 50 శాతం మధ్య నిలిస్తే చాలు. జెల్ ఎక్కువేసి 30 కంటే కిందికి దింపితే పొర బిగుసుకుని కార్డు విల్లులా వంగుతుంది. వంగినదాన్ని ఎదురువంచితే అడ్డంగా చిట్లుతుంది. జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వేసుకోవాలి. కలరా ఉండలు అదే డబ్బాలో వేయకండి.

స్కాన్ చేసేటప్పుడు రెండు వైపులా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), రంగులు సరిచేసే ఆటోమేటిక్ మీట ఆపేసి తీయండి. అప్పుడు పాత కొలత కార్డు 2100 అడ్డం, 3300 నిలువు పిక్సెళ్లుగా వస్తుంది. టిఫ్ ఫైలుగా దాచి, వాట్సాప్‌లో పంపేందుకు వేరే ప్రతి చేసుకోండి.

ఇక మీకు మా మనవి. ఇకముందు ఏ పాత పోస్టుకార్డు వేసినా, దయచేసి వెనకవైపు కూడా చిన్నదిగానైనా వేయండి. కొసలు కత్తిరించకండి, ఆ అంచులోనే కంపెనీ అంకె ఉంటుంది. బొమ్మ కింద మొదట కార్డు మీద అచ్చైన మాటను ఉన్నదున్నట్టు తెలుగు లిపిలో ఇచ్చి, మీరు చేర్చే వివరాన్ని విడిగా రాయండి. ఆ లినెన్ కార్డు వెనక ఉన్న అంకె వచ్చే ఆదివారం అచ్చువేస్తే అది ఏ ఏటిదో మీ పాఠకులే చెబుతారు.

ఇట్లు,
పాత పోస్టుకార్డుల సేకరణదారులు కొందరు,
గుంటూరు